మూయని కన్ను

చినతిప్పలపేట,
9 సెప్టెంబరు 2024, సోమవారం.

నా మనవరాలు యమునకి,

మీ అమ్మమ్మ దాలమ్మ చెబుతుంటే నరసింగరావు మేష్టారు రాస్తున్న ఉత్తరం ఇది. మాట నాది, అక్షరం ఆయనది. ఫోనులో మాట్లాడమని మీ అమ్మ గోల. నేను మాట్లాడను. నా మాట సగంలో ఉండగానే "సిగ్నల్ లేదమ్మమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు. మేష్టారు దీన్ని ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతారు. నువ్వూ కాగితం మీదే రాసి పంపు. ఆయన చదివి వినిపిస్తారు.

మూడు రోజులుగా ముసురు. ఎండిన నెత్తళ్ల చేపలు మళ్లీ నానాయి. కొత్తవలసలో మీ అత్తగారికి ఒక సంచి పంపాను. ముట్టిందో లేదో ఆవిడ నోట మాట లేదు.

చవితికి గరివిడి నుంచి మీ అమ్మ దేవి వచ్చింది. మీ ఆయన మోహనకృష్ణకి కంపెనీవాళ్లు బహుమతి ఇచ్చారట, ఇద్దరూ డిసెంబరులో ఏదో దీవికి షికారు వెళ్తున్నారట. ఎక్కడికని నేను అడగను. బయలుదేరేవాళ్లని ఎక్కడికని అడగకూడదు. మీరు దిగబోయే ఇంటి ఫోటోలు మీ అమ్మ చూపించింది. ఒకదాంట్లో అరుగు ఉంది. అరుగు మీద రెండు స్తంభాల నడుమ కట్టిన వల ఊయల ఉంది. మీ అమ్మ దాన్ని దాటేసి ఈతకొలను చూపించబోయింది.

"ఒసే, ఆగు. ఎనక్కి తిప్పు" అన్నాను.

యమునా, అది నా వల. నా చేత్తో అల్లిన వల.

నవ్వకు. నేను ఎడంచేతి మనిషిని, నీలాగే. ఈ పేటలో ఎవరి ముడయినా కుడికి వాలుతుంది, నాది ఎడమకి వాలుతుంది. మొదటి ముడిలో ఒక ఎర్రపోగు కలిపి వేయడం నా అలవాటు. మేష్టారు ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూపించారు. ముళ్లన్నీ ఎడమకే ఉన్నాయి. పైకొసన ఎర్రపోగు ఉంది. రంగు వెలిసింది గాని ఎరుపే.

ఆ వల మీ తాత సూరయ్యతో పాటు 1986 కార్తీకంలో సముద్రానికి వెళ్లింది. మనిషి రాలేదు, తెప్ప రాలేదు, వల రాలేదు. మూడు నెలలు చూసి పెద్దలు గడ్డితో మనిషిని కట్టి ఒడ్డున కాల్చేశారు. చచ్చిపోయాడని కాగితం రాసి నన్ను వేలిముద్ర వేయమన్నారు. నేను వేయలేదు. గాజులు పగలగొట్టనివ్వలేదు. మెట్టెలు ఇప్పటికీ నా కాళ్లకే ఉన్నాయి. బతికున్నవాడిని కాల్చారని ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటున్నాను.

నా వల అక్కడికి ఎలా వెళ్లిందో కనుక్కొని రాయి.

మీ అమ్మమ్మ,
దాలమ్మ

అమ్మాయీ, ఈ కింది నాలుగు మాటలు ఆమె చెప్పినవి కావు. ఈ మధ్య మీ అమ్మమ్మ మనసు ఏమంత బాగాలేదు. ఆ సముద్రం వేరు, ఈ సముద్రం వేరు అని ఎంత చెప్పినా "నీళ్లకి గట్లున్నాయా మేష్టారా" అంటుంది. కాస్త నెమ్మదిగా జవాబు రాయి. — నరసింగరావు


హైదరాబాదు,
15 సెప్టెంబరు 2024.

ప్రియమైన అమ్మమ్మా,

స్కూలు వదిలాక ఇంత పెద్ద కాగితం మీద రాయడం ఇదే మొదలు. చేతిరాత బాగాలేదని మేష్టారు చెవి మెలిపెడతారేమో.

నెత్తళ్లు ముట్టాయి. అత్తయ్య అన్నీ ఒకేసారి వండేసి, వీధి వీధంతా వాసన వచ్చిందని మావయ్యతో మాటలు పడింది. అందుకే నీకు చెప్పలేదు.

మేష్టారు రాసినట్టు నీ మనసు బాగాలేదని తెలిసి బెంగగా ఉంది. నిన్నూ తీసుకెళ్లాలనే ఉంది గాని బహుమతి ఇద్దరికే. ఆ దీవి అమెరికా వైపు కరీబియన్ సముద్రంలో, గ్రెనడా అనే దేశం పక్కన ఉంది. చాలా చిన్నది, పొద్దున నడక మొదలుపెడితే మధ్యాహ్నానికి చుట్టేయొచ్చట. మూడు ఇళ్లు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు. నాకు ఈ ఇల్లే నచ్చింది. డిసెంబరు పదకొండున బయలుదేరతాం, ఏడు రోజులుంటాం. ఒకరోజు పడవలో పగడాలు చూడటానికి వెళ్లాలని ఆయన, ఊయల్లో పడుకొని లేవకూడదని నేను. మా ఇద్దరికీ ఇప్పటినుంచే తగువు.

నీ మాట తీసేయలేక ఆ ఇంటివాళ్లకి రాశాను. ఆ ఊయల కొన్నది కాదట. వాళ్లు ఇల్లు కొనకముందే, ఎప్పుడో ఒడ్డుకి కొట్టుకొచ్చిన చేపల వలని పాత యజమాని ఊయలగా కట్టాడట. ఏ ఏటిదో ఎవరికీ తెలియదు. ఒక మూల వల కన్ను ఒకటి, అదే ముళ్ల నడుమ గడి, ఊడి ఉందని, మేము వచ్చేలోపు బాగుచేయిస్తామని చెప్పారు. ఎడంచేతివాళ్లు ప్రపంచమంతా ఉంటారు అమ్మమ్మా. దీన్ని మనసులో పెట్టుకోకు.

నీ యమున


చినతిప్పలపేట,
20 సెప్టెంబరు 2024.

యమునకి,

నా మనసు బాగాలేదని మేష్టారు రాశారా? నాకు తెలియకుండా కింద ఏదో గీకి, నువ్వు బదులిచ్చాక చదవక తప్పక నీళ్లు నమిలారు. "ఏటి మేష్టారా, నా ఉత్తరానికి నీ తోకేటి" అని అడిగాను. గడప దగ్గర నిలబెట్టి మరీ అడిగాను. ఇకమీద రాసిన ప్రతి వరసా నాకు తిరిగి చదివి, కలం నా ముందు పెట్టి వెళ్లాలని ఒట్టు వేయించుకున్నాను. ఈ మాటలూ ఆయనచేతే రాయిస్తున్నాను. రాస్తూ తల దించుకున్నారు. బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ మూల కన్ను ఊడలేదు. దాన్ని బాగుచేయవద్దని వెంటనే చెప్పు.

మా అమ్మ, మా అమ్మమ్మ చేసిన పద్ధతి ఇది. మగవాడు సముద్రానికి వెళ్లేటప్పుడు వలలో ఒక్క కన్ను అల్లకుండా వదిలేస్తాం. పని మిగిలిన వల ఇంటికి రావాలి కదా, దాంతో మనిషీ రావాలి. వచ్చాక ఇంటి ఆడది ఆ కన్ను మూసి, మనిషి ఇల్లు చేరాడని అనుకుంటుంది. మళ్లీ వెళ్లేటప్పుడు ఇంకోటి విప్పి పెడుతుంది. నీకు ఏడేళ్లప్పుడు ముడి నేర్పాను గాని ఈ మాట చెప్పలేదు. ఆడపిల్లవి, నువ్వెక్కడ వేటకి వెళ్తావులే అనుకున్నాను.

అది ఏ మూల ఉందో అడిగి రాయి. ఎడంపక్క కింది మూల అయితే ఇక నన్ను పిచ్చిదనకండి.

దాలమ్మ


హైదరాబాదు,
6 అక్టోబరు 2024.

అమ్మమ్మా,

ఆలస్యానికి కోప్పడకు. ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

ఎడంపక్క కింది మూలే.

వద్దని చెప్పేలోపే వాళ్లు బాగుచేసేశారు. మర్నాడు చూస్తే మళ్లీ తెరుచుకొని ఉందట. తాడు తెగలేదు, అరగలేదు. ఎవరో ఓపిగ్గా విప్పినట్టు, ముడి తాలూకు వంపులతో సహా కింద అరుగు మీద పడి ఉందట. మళ్లీ కట్టారు. మళ్లీ అంతే. వాళ్లు కోతుల పని అంటున్నారు. క్షమించమని, కొత్త ఊయల తెప్పిస్తామని రాశారు.

మోహన్ ఇల్లు మార్చేద్దాం అన్నాడు. "మీ అమ్మమ్మ నాకు నిద్ర లేకుండా చేసింది" అని నవ్వుతూనే అన్నాడు గాని ముఖంలో నవ్వు లేదు. నేనే వద్దన్నాను. ఎందుకో తెలియదు, నాకు ఆ ఇల్లే కావాలనిపిస్తోంది. అరుగు మీద నుంచి ఎటు తిరిగితే వంటిల్లు వస్తుందో, ఎక్కడ గడప ఎత్తుగా ఉంటుందో నాకు తెలుస్తోంది అమ్మమ్మా. వాళ్లు పంపిన ఫోటోల్లో వంటిల్లే లేదు. నిన్న ఆఫీసులో ఊరికే కూర్చుని బూట్ల తాడుతో నువ్వు నేర్పిన ముడి వేస్తున్నాను. ఇరవై ఏళ్లయింది, చేయి మరచిపోలేదు.

తాత వెళ్లేముందు మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిందని అమ్మ చెప్పింది. నిజమేనా? నువ్వు నాతో ఎప్పుడూ అనలేదు.

యమున


చినతిప్పలపేట,
13 అక్టోబరు 2024.

యమునా, నా తల్లీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు రోజులయింది. మేష్టారు రోజూ వచ్చి కూర్చుంటున్నారు, నేను నోరు విప్పక లేచిపోతున్నారు. ఈ రోజు చెబుతాను.

అవును, మాటా మాటా వచ్చింది. ఒడ్డున పదిమంది మగవాళ్లు వలలు సర్దుతున్నారు. నేను మీ తాతకి చద్దన్నం పట్టుకెళ్లాను. ఆయన నా అల్లిక ఎత్తి అందరికీ చూపించి, "ఎడం సేతి ఆడది అల్లిన వల్లో సేపలు ఎనక్కి ఈదుకెళ్లిపోతాయిరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా వేళాకోళానికే అన్నాడు. మంచివాడు. కుడిచేత్తో ముడివేసి, కొసని కత్తితో కోయకుండా పళ్లతో కొరికేవాడు. నేను తిడితే ఇంకా కొరికేవాడు. కాని ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

"అలాగైతే నా సెయ్యితో నీకు పనేటి" అన్నాను. విప్పి పెట్టిన కన్నుని ఆయన ముందే మూసేశాను. ఆయన చూశాడు. తెప్ప దించుకొని వెళ్లిపోయాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరితో దెబ్బలాడుతున్నాను. బతికే ఉన్నాడన్నది అందుకే. చచ్చాడంటే చంపింది నా చెయ్యే కదా.

ఇప్పుడు విను, ఇది అసలైన మాట. నేను మూసి పంపిన కన్ను ఇప్పుడు తెరిచి ఉంది. ఎవరో విప్పారు, మూస్తే మళ్లీ విప్పుతున్నారు. కన్ను తెరిచి పెట్టేది వెళ్లినవాడు కాదు యమునా, ఇంట్లో ఉండి ఎదురుచూసేవాళ్లు. అంటే మీ తాత లెక్కలో ఆయనే ఇంటి దగ్గర ఉన్నాడు. ఇంటికి రావలసినది ఎవరో సముద్రం మీద ఉన్నారు. మొదట నన్నే పిలుస్తున్నాడనుకున్నాను. నేను వెళ్లను. పిలవగానే పరుగెత్తడానికి నిన్న కాపురానికి వచ్చిన పిల్లనా?

కాని వంటిల్లు ఎటో తెలుస్తోందని నువ్వు రాశావు. ఆ ముక్క మేష్టారిచేత మూడుసార్లు చదివించుకున్నాను. ఎడంచెయ్యి నాకే కాదు, నీకూ ఉంది. ముడి నీకూ వచ్చు. ఆయనకి మనిషి తేడా తెలుస్తుందో లేదో, చెయ్యి తేడా మాత్రం తెలుస్తుంది.

వెళ్లవద్దంటే వింటావా, వినవు. నా పెంపకం. వెళ్లు. కాని ఆ కన్ను ముట్టుకోకు. దాన్ని నీ ఎడంచేత్తో మూశావంటే, రావలసిన మనిషి ఇల్లు చేరినట్టే. ఆ తరవాత నిన్ను ఎవరు పంపిస్తారు?

దాలమ్మ

అమ్మాయీ, ఒట్టు తప్పుతున్నాను. ఇంటికి తెచ్చుకొని ఫోటో తీసేముందు ఇది రాస్తున్నాను. ఆనాడు మీ తాత పోయినట్టు కాగితం రాసింది నేనే. అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను, పెద్దలు చెప్పమన్నది రాశాను. ఆమె ఏడవడం ఆ రోజు చూడలేదు, ఈ రోజు చూశాను. ఆ కన్ను మూసిన నేరం ఆమెని తినేస్తోంది. నువ్వు అక్కడికి వెళ్లాక నీ చేత్తో దాన్ని చక్కగా అల్లి ఒక ఫోటో పంపు. నిజమో అబద్ధమో మనకెందుకు. కథ ముగిసిందని ఆమె మనసు కుదుటపడుతుంది. ఈ మాట ఆమెతో అనకు. — నరసింగరావు


15 డిసెంబరు 2024.

అమ్మమ్మా,

ఎలా ఉన్నావు? మేము బాగున్నాం. కాదు, నేను బాగున్నాను. మోహన్‌కి దిగిన రోజు నుంచి జ్వరం. పగడాల పడవ వెళ్లిపోయింది, ఆయన మంచం దిగలేదు.

వంటిల్లు నేను అనుకున్న చోటే ఉంది. గడప ఎత్తుగానే ఉంది. మోహన్ రెండుసార్లు తన్నుకున్నాడు, నేను ఒక్కసారి కూడా తన్నుకోలేదు.

నీకో మంచి మాట. నిన్న పొద్దున ఆ కన్ను నేనే మూశాను. నీ చేత్తో మూసినట్టే అనుకో. ఇంటి దగ్గర దొరికిన తాడుతో, నువ్వు నేర్పినట్టే, ఎడంచేత్తో. ఈ రోజు చూశాను. ఊడలేదు. ఫోటో పంపుతున్నాను. ఇక ఆ పాత సంగతి మనసులో పెట్టుకోకు. తాత నిన్ను ఎప్పుడో క్షమించే ఉంటాడు.

నిన్నటి నుంచి ఇక్కడ ఎవరో మాకు మర్యాద చేస్తున్నారు. పొద్దున అరుగు మీద ఆకులో చుట్టి ఒక చేప పెట్టి వెళ్తున్నారు. చందువ. చిన్నప్పుడు నా కోసం నువ్వు దాచేదానివే, అదే. మోహన్ ఇంటివాళ్లని అడిగాడు. ఈ నీళ్లలో అలాంటి చేప దొరకదన్నారట, ఫోటో చూసి కూడా పోల్చుకోలేకపోయారట. నేను పులుసు పెట్టాను. రెండో రోజు చేపకి ఉప్పు నేను వేయకముందే సరిపోయి ఉంది.

పద్దెనిమిదిన రావాలి గాని, ఇంకొన్నాళ్లు ఉందామనిపిస్తోంది. మోహన్ వద్దంటున్నాడు. ఆయన వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు. ఊయల్లో పడుకుంటే లేవబుద్ధి కావడం లేదు. ఇన్నాళ్లూ ఎక్కడో తిరిగి తిరిగి ఇల్లు చేరినట్టు ఉంది.

యమున


చినతిప్పలపేట,
16 డిసెంబరు 2024.

యమునా,

నీ ఉత్తరం చదవడం పూర్తిచేయకుండానే మేష్టారు కాగితం కింద పెట్టేశారు. ఆ కన్ను మూయమని నీకు రాసింది తనేనని ఆయనే ఒప్పుకున్నారు. నేను తిట్టలేదు. తిట్టడానికి పొద్దు లేదు. "రాయి మేష్టారా, ఈసారి తోక లేకుండా రాయి" అన్నాను. గబగబా రాస్తున్నారు ఆయన. అక్షరాలు వంకరగా ఉంటే చదువుకో.

నీకు చెప్పకుండా నేనూ ఒక పని చేశాను. పదకొండున నువ్వు విమానం ఎక్కావని మీ అమ్మ చెప్పగానే, మన వసారాలో వేలాడుతున్న పాత వలలో నీ పేరున ఒక కన్ను విప్పి పెట్టాను. మూడు రోజులు అలాగే ఉంది. నిన్న తెల్లారి చూస్తే మూసేసి ఉంది.

ఇంట్లో నేను తప్ప మనిషి లేడు. విప్పాను. ఈ రోజు చూస్తే మళ్లీ మూసి ఉంది. మేష్టారిని పిలిచి చూపించాను. నా ముడి కాదు. కుడికి వాలిన ముడి. కొస కత్తితో కోసింది కాదు, పళ్లతో కొరికింది. తాడు ఇంకా తడిగా ఉంది. మేష్టారు వేలు నాలుకకి తాకించి చూసి, "ఉప్పు" అన్నారు. ఆ తరవాత ఆయన నా మనసు సంగతి ఎత్తలేదు.

అక్కడ కన్ను నువ్వు మూసి ఇల్లు చేరావు. ఇక్కడ కన్ను మీ తాత మూసి, నువ్వు తిరిగి రావలసిన దారి కట్టేస్తున్నాడు.

ఈ ఉత్తరం అందగానే ఆ ముడి విప్పేయి. కుడిచేత్తో విప్పు. చేప ముట్టుకోకు. మోహనకృష్ణ చెయ్యి పట్టుకొని, జ్వరమైనా సరే లేపుకొని, గడప దాటు. ఎవరైనా ఎక్కడికని అడిగితే బదులు చెప్పకు. వెనక్కి చూసి వెళ్లొస్తానని అనకు.

ఇక్కడి నుంచి నీకు కాదు, ఆయనకి. ఆ ఊయల దగ్గర నిలబడి గట్టిగా చదువు.

సూరయ్యా, నేను దాలమ్మని. ఆ రోజు నలుగురిలో నీ ముఖం మీద కన్ను మూశాను. తప్పే. ఆ తప్పు ఒప్పుకోలేకే నువ్వు బతికున్నావని ముప్పై ఎనిమిదేళ్లు ఊరందరితో వాదించాను. గడ్డిమనిషిని కాల్చినవాళ్లని శపించాను. నువ్వు ఒక అరుగు దగ్గర కూర్చున్నావంటే నా వాదన కూడా నిన్ను పట్టి కూర్చోబెట్టిందేమో.

వాదన వదిలేస్తున్నాను. నువ్వు చచ్చిపోయావు. ఊరు చెప్పిందే నిజం. పొద్దున్నే మెట్టెలు తీసి గూట్లో పెట్టాను. గాజులు నా చేత్తో నేనే పగలగొట్టుకున్నాను, ఎవరినీ పిలవలేదు. నువ్వు పోయినట్టు మేష్టారు కొత్త కాగితం రాశారు, ఆ రోజు రాసిన మాటలే, ఈ ఉత్తరం వెనకే రాశారు. చచ్చినవాడికి బతికున్న పిల్లతో పనేటి? అది నేను కాదు. దాని చెయ్యి నాది, అంతే. అది నిన్ను చూసి నవ్వలేదు, నీ మీద కోపం తెచ్చుకోలేదు, నీకు చద్దన్నం బాకీ లేదు. దాన్ని వదులు. నాతో నీకు తగువుంటే నా కోసం చూడు. నాకు డెబ్భై దాటాయి. వచ్చే దారి నాకు తెలుసు, నా పొద్దు నేను చూసుకొని వస్తాను. అప్పటిదాకా ఇంకో మనిషిని పిలవకు.

యమునా, ఇక నీకు.

వసారాలో కన్ను మళ్లీ విప్పాను. ఈసారి వదిలి వెళ్లలేదు. నా కుడిచేతి వేలు అందులో పెట్టుకొని వల పక్కనే కూర్చున్నాను. అన్నం మేష్టారి భార్య తెచ్చి పెడుతోంది. ఇందాక తాడు ఒకసారి వేలి చుట్టూ బిగిసింది. గాలి లేదు. నేను వేలు తీయలేదు. నువ్వు ఈ గుమ్మంలో నిలబడి అమ్మమ్మా అని పిలిచేదాకా తీయను.

ఎడంచెయ్యి ఖాళీగా ఉంది. ఆ రోజు వేయనని విసిరికొట్టిన వేలిముద్ర, ఇదిగో, ఈ కాగితం మీద వేస్తున్నాను.

దాలమ్మ, సూరయ్య భార్య కాదు, సూరయ్య పోయాక మిగిలినది.
ఎడమ బొటనవేలి ముద్ర.